పాల్మాకులలో లేజర్ మందు

లేజర్ ఆపరేషన్ నేర్చుకుంటున్న కుర్ర డాక్టర్లు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వచ్చినవాళ్లంతా యంత్రం గురించే అడుగుతారు. పాతదానికీ కొత్తదానికీ తేడా ఏమిటి, కంటి ముందు పొర, కార్నియా, ఎంత పలచగా ఉంటే వద్దనాలి, ఇలాంటివి. తెలిసినంత చెప్పి, టీ ఇచ్చి పంపిస్తాను. నిజానికి ఆ జవాబులు పుస్తకాల్లో నాకంటే బాగా ఉంటాయి. యంత్రంతో నాకెప్పుడూ పెద్ద పేచీ రాలేదు. పేచీలన్నీ ఆపరేషన్‌కి ముందు నోటితో చెప్పే మాటతోనూ, తరవాత సీసాలో పోసి ఇచ్చే మందుతోనూ వచ్చాయి. వాటిలో ఒకదాని గురించి రాస్తాను. ఒకటే ఎందుకంటే, మిగతావి కూడా కాస్త అటూ ఇటూగా ఇలాంటివే.

నాది దురుసు నోరు అని ముందే చెప్పడం మంచిది. తెనాలి వైపు పుట్టి పెరిగాను. నేను మందు రాసిచ్చినా తిట్టినట్టే ఉంటుందని మా వారు అంటారు. శంషాబాద్ చుట్టుపక్కల జనం ఆ నోటిని ఐదారేళ్లు భరించారు. వాళ్ల మాట నాకు పూర్తిగా పట్టుబడటానికి అందులో సగం కాలం పట్టింది.

పైన లేజర్, కింద ఓపీ

విమానాశ్రయం 2008లో తెరిచారు. ఆ మరుసటి ఏడు హైవే పక్కన కొత్తగా కట్టిన ప్రైవేటు కంటి ఆసుపత్రిలో చేరాను. కింద అంతస్తులో మామూలు ఓపీ, పైన లేజర్. కాటేదాన్ ఫ్యాక్టరీల్లో కంట్లో ఇనుప రజను పడ్డవాళ్లు, మహేశ్వరం ఊళ్ల నుంచి శుక్లాలొచ్చిన ముసలివాళ్లు కింద బెంచీల మీద కూర్చునేవారు. మెట్లెక్కి పైకి వచ్చేవాళ్లంతా పడుచు పిల్లలు. పొలాలు కొన్ని విమానాశ్రయం కిందా, కొన్ని ప్లాట్ల కిందా పోయిన ఇళ్లలో పిల్లలకు ఎయిర్‌పోర్టులో ఉద్యోగం పెద్ద ఆశ. దళసరి కళ్లద్దాలున్నవాళ్లను కౌంటరు దగ్గర నిలబెట్టరని ఎవరు పుట్టించారో గానీ ఒక మాట ఊళ్లన్నీ పాకింది. అందులో నిజమెంతో నాకిప్పటికీ తెలియదు. కళ్లద్దాలు పెట్టుకుని ఆ కౌంటర్లలో పనిచేసేవాళ్లను నేనే చూశాను. మా లేజర్ విభాగం సగం ఆ మాట మీదే నడిచింది.

మా డైరెక్టరు డాక్టర్ చలపతి. అంత నెమ్మదైన చేతులున్న సర్జన్‌ను నేను ఇంకొకరిని చూడలేదు. రోగి తల పక్కన ఆయన కూర్చుంటే గదిలో అందరికీ ధైర్యం వచ్చేది. ఆయన దగ్గర లేజర్ పని నేర్చుకోవడం నా అదృష్టం. ఆయనతో గొడవ పడకుండా ఒక వారం గడిచిన గుర్తు కూడా లేదు.

గొడవంతా శనివారం హాలు గురించే. లేజర్ చేయించుకోబోయేవాళ్లను ఇంటివాళ్లతో సహా పెద్ద హాల్లో కూర్చోబెట్టి, చలపతి గారే స్వయంగా మాట్లాడేవారు. సరదాగా, నవ్విస్తూ, చాలా బాగా మాట్లాడేవారు. తరవాత కౌన్సెలర్ అమ్మాయిలు సమ్మతి కాగితాలు పంచేవారు. కాగితం ముందు పిల్లలకు ఇస్తే వాళ్లు చదవకుండానే పక్కకు జరిపేవారు. ఆ పక్కన తండ్రో, పెదనాన్నో, మేనమామో ఉండేవాడు. ఇంట్లో పెళ్లయినా, పొలం అమ్మకమైనా, ఆపరేషన్ అయినా ఆయన సంతకం పడితేనే పని మొదలయ్యేది. చట్టం ప్రకారం ఒప్పుకోవాల్సింది కన్ను ఎవరిదో వాళ్లు. కాబట్టి పెద్దాయన సంతకం అయ్యాక, వేలు పెట్టి చూపించిన చోట పిల్ల కూడా సంతకం చేసేది. రెండు సంతకాలున్నాయి కదా అని మేం ఫైలు మూసేవాళ్లం.

ఆ హాల్లో ఒక మాట ఎప్పుడూ వినపడేది కాదు. అది స్టెరాయిడ్. కార్నియా పలచగా ఉన్నవాళ్లకు, పవరు మరీ ఎక్కువున్నవాళ్లకు కంటి పైపొర తీసి లేజర్ చేస్తాం. అలా చేసినప్పుడు కంట్లో మచ్చ కట్టకుండా కొన్ని నెలలు స్టెరాయిడ్ చుక్కలు వెయ్యాలి. మంచి మందే, అది లేకుండా ఆ ఆపరేషన్ లేదు. అయితే కొందరికి ఆ చుక్కలు ఎక్కువ కాలం వేస్తే కంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పక్క చూపు కొంచెం కొంచెంగా పోతుంది, చూపు నరం చచ్చిపోతుంది. పోయినది ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు.

ఈ సంగతి హాల్లో చెప్పమని నేను, వద్దని ఆయన. ఆయన వాదనలో పస లేకపోలేదు. ఆ చుట్టుపక్కల నాటు వైద్యులు మోకాళ్ల నొప్పులకు ఏవో మాత్రలిచ్చి జనం ముఖాలు ఉబ్బేలా చేసి, స్టెరాయిడ్ అన్న పేరు చెడగొట్టి పెట్టారు. ఆ మాట చెవిన పడితే సగం హాలు లేచి పోతుందనేవారు. భయపడినవాడి కన్ను లేజర్ కింద కదులుతుందని, కదిలిన కన్ను పాడవుతుందని, కాబట్టి భయపెట్టే మాట చెప్పకపోవడం కూడా వైద్యమేనని అనేవారు. అందుకని హాల్లో ఆ మందుకు హీలింగ్ చుక్కలు అని పేరు పెట్టారు. కంటికి బలమిచ్చే మందు అని తెలుగులో కూడా చెప్పేవారు. నాకు ఒళ్లు మండేది.

హాలు ఆయనది, నా గది నాది. నా చేతికి వచ్చిన పిల్లలకు నా గదిలో అసలు పేరే చెప్పేదాన్ని.

స్వరూప, వాళ్ల పెద్దబాపు

స్వరూపది పాల్మాకుల. తండ్రి చిన్నప్పుడే పోతే, ఆయన అన్న జంగయ్య పెంచి డిగ్రీ దాకా చదివించాడు. పిల్ల ఆయన్ని పెద్దబాపు అనేది. కళ్లద్దాలు తీస్తే చాచిన చేతి వేళ్లు తనకే సరిగా కనపడనంత మైనస్ పవరు. ఎయిర్‌పోర్టు ఉద్యోగానికి పిలుపు వచ్చేలా ఉంది, ఈలోగా అద్దాలు పోవాలి. కార్నియా పలచన. పైపొర తీసి చేసే లేజర్ ఒక్కటే దారి.

జంగయ్య పొడుగ్గా, తెల్లటి కండువాతో, ఊళ్లో నలుగురూ లేచి నిలబడే రకం మనిషి. హాల్లో ముందు వరసలో కూర్చుని చలపతి గారి మాటలకు తలాడిస్తూ విన్నాడు. సంతకం చేశాడు. తరవాత నా గదిలోకి పిల్లతో పాటు వచ్చాడు. పిల్లను ఏది అడిగినా ఆయనే జవాబు చెప్పాడు. ఏమైనా మందులు వాడుతోందా అంటే లేదన్నాడు, ఎలర్జీలున్నాయా అంటే మా ఇంట్ల అట్లాంటివి లేవన్నాడు. మూడోసారికి నేను విసుక్కుని, కళ్లు ఆ అమ్మాయివి, ఆ అమ్మాయినే చెప్పనివ్వండి అన్నాను.

"పిల్లనడుగుడెందుకు డాక్టరమ్మా. నేనున్న కద, నన్నడుగున్రి" అన్నాడాయన. కోపంగా కాదు, నాకేదో కష్టం తప్పిస్తున్నట్టు అన్నాడు.

బయట కూర్చోమన్నాను. నొచ్చుకున్నాడు గానీ వెళ్లాడు. ఆయన వెళ్లాక స్వరూప మారిపోయింది. ఒకదాని మీద ఒకటి ప్రశ్నలడిగింది. చుక్కల పేరు అడిగి రాసుకుంది, స్టెరాయిడ్ అంటే బెదరలేదు. వారాల లెక్కన తగ్గించుకుంటూ రావాలని, మధ్యలో ఒత్తిడి చూపించుకోవాలని, ఆపమన్న రోజు ఆపాలని తనే తిరిగి నాకు చెప్పింది. అలాగే చేసింది కూడా. చూపు బాగా వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఆఖరుసారి చూపించుకోవడానికి యూనిఫాం వేసుకుని వచ్చి, మా కౌన్సెలర్ పిల్లలందరికీ మిఠాయి పంచి వెళ్లింది. ఆ కేసు అక్కడితో అయిపోయిందని అందరం అనుకున్నాం.

మీరిచ్చిందే

రెండేళ్లు దాటాక ఒక పొద్దున స్వరూప జంగయ్యను ఓపీకి తీసుకొచ్చింది. పాల్మాకుల దగ్గర హైవే దాటుతుంటే పక్క నుంచి వచ్చే బైకు కనపడలేదట. గీసుకుని పోయింది, పెద్ద దెబ్బలేం తగల్లేదు. అంతకు ముందు కూడా గడపకు తగలడం, పక్కనున్న చెంబు తన్నడం అవుతోందట. వయసు వల్లేనని ఇంట్లో అనుకున్నారు. ఆయన మటుకు నిబ్బరంగా కూర్చున్నాడు. పని ఏమిటో కూడా ముందే తేల్చుకుని వచ్చాడు.

"నాకు గూడ లేజర్ కొట్టున్రి. పిల్లకు మంచిగైంది, నాకెందుకు గాదు?"

ఒత్తిడి చూశాను. నమ్మలేక రెండోసారి చూశాను. లోపలి నరం చూస్తే కుడి కంట్లో దాదాపు అయిపోయింది, ఎడమ కంట్లో సగం మిగిలింది. ఆ వయసుకు నీటికాసులు, అదే గ్లాకోమా, రావడం వింత కాదు గానీ ఈ తీరు వేరు. కంట్లో ఏమైనా మందు వేస్తున్నారా అని అడిగాను. ఆయన చొక్కా జేబులోంచి చిన్న సీసా తీసి, బల్ల మీద జాగ్రత్తగా నిలబెట్టాడు.

"గిదే అమ్మా. మీరిచ్చిందే. మీ దవాఖాన మందే, బయటిది నేనెన్నడు ముట్టలే."

స్వరూప చుక్కల సీసా అది. అంటే అదే పేరు, అదే రంగు మూత, కొత్త సీసా. విషయం మెల్లగా బయటికొచ్చింది. స్వరూపకు మందు ఆపాక ఒక సీసా మిగిలింది. లేజర్‌కి ఇచ్చిన ఖరీదైన మందు, కంటికి బలమిచ్చే మందు, పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. అప్పుడే ఆయన టమాట తోట పక్కన వెంచరు కోసం జేసీబీలు నేల చదును చేస్తున్నాయి. దుమ్ముకు కళ్లు ఎర్రబడి దురద. రెండు చుక్కలు వేసుకుంటే సాయంత్రానికి కళ్లు తెల్లగా అయ్యాయి. అవుతాయి, స్టెరాయిడ్ అంటే అదే. దురద వచ్చినప్పుడల్లా వేశాడు, తరవాత రాకపోయినా వేశాడు. అయిపోతే ఖాళీ సీసా పట్టుకెళ్లి మెడికల్ షాపులో చూపిస్తే కొత్తది ఇచ్చారు. ఎవరూ చీటీ అడగలేదు.

 తనకు ఆపారని ఆ రోజే ఇంట్లో చెప్పానంది స్వరూప. "నీకు బంద్ చేసిన్రు, నాకు చెయ్యలే కద అన్నడు మేడం" అని ఏడుపు ఆపుకుంటూ చెప్పింది.

ఆ వాదనలో తప్పు పట్టడానికి ఏముంది? సీసా మీద ఇంగ్లీషులో రాసి ఉంది. హాల్లో ఆయన చెవులతో విన్నది బలమిచ్చే మందని. సంతకం పెట్టిన పెద్దమనిషికి ఆ మందు అసలు సంగతి చెప్పినవాళ్లు లేరు. ఇంటికంతా ఒకే సబ్బు, ఒకే నూనె సీసా ఉన్నట్టే, ఒకే కంటి మందు సీసా ఉండే ఇళ్లవి. ఆ సంగతి మా ఆసుపత్రిలో ప్రతివాళ్లకూ తెలుసు. నాకు వచ్చిన కోపం ఆయన మీద కాదు.

ఆయన లేచి వెళ్లిపోయాడు

చుక్కలు వెంటనే ఆపించి, ఒత్తిడి తగ్గించే మందులు మొదలుపెట్టాను. కొంత తగ్గింది గానీ చాలినంత తగ్గలేదు. మిగిలిన సగం చూపు నిలవాలంటే ఎడమ కంటికి ఆపరేషన్ చెయ్యాలి. ఇది లేజర్ కాదు, లోపలి నీరు బయటికి పోవడానికి కోసి దారి చెయ్యడం. దీనిలో ఒక చిక్కుంది. ఆపరేషన్ బాగా జరిగినా చూపు పెరగదు. ఉన్నది ఉన్నట్టు ఉండటమే గెలుపు. ఒక్కొక్కరికి ఇంకాస్త తగ్గవచ్చు, అరుదుగా పూర్తిగానూ పోవచ్చు.

చలపతి గారికి చెప్పాను. ఆయన ఫైలు తెప్పించుకుని రెండు కళ్ల లెక్కలూ చూశారు. తరవాత, చుక్కల సంగతి ఇప్పుడు ఎత్తవద్దు, కంటికి బీపీ వచ్చిందని చెప్పండి, ఆపరేషన్‌తో చూపు కాస్త మెరుగవుతుందని చెప్పండి అన్నారు. నేను కాదన్నాను.

"పోయింది రాదంటే ఆయన బల్ల ఎక్కడు. ఎక్కకపోతే గుడ్డివాడవుతాడు. మీ నిజం ఆయనకేం పనికొస్తుందో చెప్పండి" అన్నారు.

కుర్ర డాక్టర్లూ, ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి.  ఆ రోజు నా దగ్గర ఉన్నది అబద్ధం చెప్పలేకపోవడం ఒక్కటే. జంగయ్యను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ చుక్కల వల్లే ఇలా అయిందని, కుడి కన్ను రాదని, ఎడమ కన్ను పెరగదని చెప్పాను. నా నోరు సంగతి తెలుసు కదా. మెత్తగా చెప్పడం రాలేదు, గబగబా అనేశాను.

"చూపు రాకుంటే కోసుడెందుకు?" అన్నాడాయన. నేను చెబుతుండగానే కండువా దులిపి భుజాన వేసుకుని, దండం పెట్టి బయటికి నడిచాడు. గుమ్మం పక్క చెక్కకు భుజం తగిలింది.

స్వరూప వెనక్కి వచ్చింది, నా మీద కోపంతో. "జర మంచిగ చెప్తే ఒప్పుకుంటుండె మేడం. మీరు పుసుక్కున అనేసిన్రు."

ఆ వారం నేను మనిషిని కాదు.  చలపతి గారు చెప్పినట్టు చేసి ఉంటే ఆయన ఈపాటికి బల్ల మీద ఉండేవాడు, కన్ను దక్కేది అన్న ఆలోచన వదల్లేదు. ఒత్తిడి రోజురోజుకీ నరాన్ని తింటోంది. నేను నిజం చెప్పానన్న తృప్తి ఆయన కంటికి మందు కాదు.

పాల్మాకులలో

ఆదివారం స్వరూపకు ఫోన్ చేసి, వాళ్లింటికి వస్తానన్నాను. డాక్టర్లు రోగుల ఇళ్లకు వెళ్లకూడదని మా ఆసుపత్రిలో ఒక పద్ధతి. వెళ్లాను.

జంగయ్య గేటు దాకా ఎదురొచ్చాడు, మంచం మీద దుప్పటి పరిపించాడు, చాయ్ తెప్పించాడు. ఆపరేషన్ మాట ఎత్తితే తోట సంగతీ, టమాట ధర సంగతీ మాట్లాడాడు. నేను రెండోసారి ఎత్తబోతుండగా పక్కింటి అంజమ్మ లోపలికి వచ్చింది. యాభై దాటిన మనిషి, కళ్లు నులుముకుంటూ ఉంది. నన్ను చూసి తల మీద కొంగు సర్దుకుని, ఆయనతో అంది: "బాపు, జర గా లేజర్ మందు రెండు చుక్కలెయ్యి. పొద్దున సంది మంట పుడుతున్నయి."

ఆయన మామూలుగా లేచి గూట్లోకి చెయ్యి పెట్టాడు. నేను మంచం మీంచి లేచి ఆయన చేతిలోంచి సీసా లాక్కున్నాను. అరిచాను కూడా. మీకు ఆపమని చెప్పాను కదా అన్నాను.

"నేనైతే బంద్ చేసిన డాక్టరమ్మా. నాకు పడలే. ఆమెకేమైతది?"

 మళ్లీ అదే లెక్క, నీకు ఆపారు గానీ నాకు ఆపలేదన్నది. ఆయన తన వరకే మానుకున్నాడు. ఆ మందు ఊళ్లో లేజర్ మందు అని పేరు తెచ్చుకుని, ఏ కంటికి ఏది వచ్చినా ఆ గూటి దగ్గరికి వస్తున్నారు. ఆయన కాదనకుండా వేస్తున్నాడు. ఊరికి పెద్ద మనిషి, ఒకరికి మేలు చేసే వస్తువు గూట్లో పెట్టుకుని లేదనడం ఆయనకు చేతకాని పని.

ఈసారి గబగబా అనలేదు. ఆయన పక్కనే కూర్చుని చెప్పాను. "మీ కుడి కన్ను తీసింది ఈ సీసా, బాపూ. అంజమ్మ కన్ను కూడా ఇదే తీస్తుంది. ఆమెకూ నొప్పి ఉండదు, తెలియదు. మీరు ఇంకెవరెవరికి వేశారు?"

ఆయన్ని బాపూ అనడం అదే మొదలు. ఎందుకన్నానో తెలియదు, అలా వచ్చింది. ఆయన వేళ్లు మడుస్తూ కూర్చున్నాడు. ఒక చెయ్యి అయిపోయి రెండో చెయ్యి మొదలుపెట్టాక ఆపేసి, ముఖం కండువాతో తుడుచుకున్నాడు. తన కన్ను పోయిందన్నప్పుడు రాని నీళ్లు అప్పుడు వచ్చాయి. నాకూ వచ్చాయి, దాచుకోవడానికి ఏముంది.

మర్నాడు ఓపీ తెరిచేసరికి ఆసుపత్రి ముందు ఆటో ఆగి ఉంది. లోపల పట్టినంతమందిని కుక్కి తెచ్చాడు. ఒకామె రానంటే ఇంట్లోంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడట. అందరికీ ఒత్తిడి చూశాం. చలపతి గారు పైనుంచి దిగి వచ్చి నా పక్కన రెండో కుర్చీలో కూర్చుని తనూ చూశారు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. చాలామందికి ఏమీ కాలేదు, అప్పుడప్పుడు వేసుకున్నవాళ్లే. అంజమ్మకు మాత్రం ఒత్తిడి బాగా ఎక్కువగా ఉంది. నరం ఇంకా చెడలేదు. చుక్కలు ఆపి, మందులు ఇచ్చి వారం వారం చూస్తుంటే తగ్గుతూ వచ్చింది. అంజమ్మను తీసుకొచ్చిన ప్రతిసారీ జంగయ్య పక్కన నిలబడి, నేను చెప్పేదంతా వినేవాడు. పెరిగింది, తగ్గింది, ఇంకా చూడాలి, ఏదైనా సరే నా ముఖం చూసి వినేవాడు. తన ఆపరేషన్ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎడమ కన్ను గురించి నాకు లోపల పీకుతూనే ఉంది.

ఆ తరవాతి శనివారం హాల్లో చలపతి గారు మొదటిసారి స్టెరాయిడ్ అన్నారు. ఇది ఇంట్లో ఇంకెవరి కంట్లోనూ వెయ్యకూడదు, ఆపమన్న రోజు మిగిలింది మోరీ కాలవలో పారబొయ్యండి అని కూడా చెప్పారు. రెండు కుటుంబాలు లేచి వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లు కూర్చున్నారు, అంతకు ముందు ఎప్పుడూ లేనన్ని ప్రశ్నలడిగారు.  ఆయన మీద గౌరవం నాకు ఆ శనివారమే ఎక్కువైంది.

తిరిగి చెప్పడం

అంజమ్మకు ఒత్తిడి మామూలుకి వచ్చిందని చెప్పిన రోజు, ఆమెను బయట కూర్చోబెట్టి జంగయ్య ఒక్కడే లోపలికి వచ్చాడు. కోయించుకుంటానన్నాడు.

ఆపరేషన్ ఎలా అయిందన్న ఆదుర్దా ఎవరికైనా ఉంటే ఇక్కడే చెప్పేస్తాను. చలపతి గారు చేశారు. 2014లో నేను రిటైరయ్యే నాటికి ఆ సగం చూపు అలాగే ఉంది. హైవే ఒంటరిగా దాటడం మానేశాడు, తోట పని మానలేదు.

నేను చెప్పాలనుకున్నది ఆపరేషన్‌కి ముందు రోజు సంగతి. కాగితం బల్ల మీద పెట్టే ముందు మొత్తం ఇంకొకసారి చెప్పాను. అయ్యాక, నేను చెప్పింది మీ మాటల్లో నాకు తిరిగి చెప్పండి అని అడిగాను. అప్పటికి పిల్లల దగ్గర చాలాసార్లు అడిగిన ప్రశ్నే అయినా, అంత పెద్దమనిషిని పాఠం అప్పజెప్పమన్నట్టు అడగడానికి బెరుగ్గానే ఉంది. ఇంకోటి కూడా ఉంది. తిరిగి చెప్పాక మళ్లీ లేచి వెళ్లిపోతాడేమోనని భయం. స్వరూప పక్కనే ఉంది. జవాబు అందించబోతే ఆయనే చేత్తో ఆపాడు.

"కుడి కన్ను పోయింది, అది రాదు. ఎడమది సగముంది. కోస్తే గా సగం సగమే ఉంటది, పెరగదు. కొయ్యకుంటే అది గూడ పోతది. కోసినంక గూడ పోవచ్చు, గని అట్లయ్యేది తక్కువ. గింతేనా?"

"గింతే బాపూ" అన్నాను.

ఆయన కాగితం తన వైపు జరుపుకుని, ఎడమ కంటికి దగ్గరగా పట్టుకుని, సంతకం చెయ్యాల్సిన చోటు వెతుక్కుని సంతకం చేశాడు. కలం మూత పెట్టి నాకు అందిస్తూ అన్నాడు:

"గా మందు సంగతి గూడ పిల్లకు సంతకం పెట్టిననాడే నాతోని గిట్ల చెప్పిచ్చుకుంటే, నేను ఆ సీస ముట్టకపోతుంటి."